సన్న సెగ మీద తైవాన్

తైవాన్‌లోని షిన్‌చు గాలికి పేరుమోసిన ఊరు. అక్టోబరు దాటిందంటే ఈశాన్యం నుంచి సముద్రపు గాలి ఈడ్చికొడుతుంది. గొడుగు తెరిచామా, దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. ఊరివాళ్లు మాత్రం ఆ గాలిని తిట్టుకోరు, పనిలో పెట్టుకుంటారు. బియ్యప్పిండితో చేసిన సన్నటి సేమ్యా ఆ గాలికే ఆరుతుంది. చుట్టుపక్కల పల్లెల్లో పర్సిమన్ పళ్లు తొక్క తీసి, పెద్ద పెద్ద వెదురు చేటల్లో పరిచి ఆ గాలికే వదిలేస్తారు. ఊరికి రెండో పక్కన 1980లో మొదలైన సైన్స్ పార్కు ఉంది. మన చేతుల్లో ఉన్న ఫోన్లలోకి చిప్పులు పంపే పెద్ద కంపెనీలు కొన్ని అక్కడే కొలువున్నాయి. మా అల్లుడి ఉద్యోగం అందులోనే. దగ్గర్లోని త్సింగ్ హువా విశ్వవిద్యాలయంలో మన పిల్లలు చాలామందే చదువుతున్నారు. సాయంత్రం పూట ఆ ఆవరణలో నడుస్తుంటే, చైనీసు మాటల మధ్యలోంచి "ఒరే, ఆగరా బాబూ" అని వినిపించి తల తిప్పి చూసేదాన్ని.

మా అమ్మాయి వాళ్లు అద్దెకున్న ఇంటి యజమానురాలు కింది అంతస్తులో ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి. అందరూ ఆమెను "ఆయీ" అంటారు, మన పిన్నిగారి వరస. ఎదురుపడితే మొదటి ప్రశ్న "భోంచేశావా?" అనే. అది అక్కడి పలకరింపట. మా గోదావరి జిల్లాల్లోనూ అంతే కదా, వేళకాని వేళ కనబడినా భోజనం సంగతే అడుగుతాం. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. మధ్యలో మా అమ్మాయి.

ఓ పొద్దున మెట్లు దిగుతుంటే కింది వంటగదిలోంచి ఒక వాసన వచ్చింది. వేరుశనగపప్పు మూకుట్లో వేగుతుంటే, పక్క పొయ్యి మీద బెల్లం పాకం పడుతుంటే రెండూ కలిసి వచ్చే వాసన అది. దాని వెనక ఏదో పువ్వు కూడా ఉంది. తలుపు తీసే ఉంది. ఆయీ చేత్తో రమ్మంది.

వంటగట్టు మీద ఆకుపచ్చ రంగు తాతుంగ్ కుక్కర్ ఉంది. 1960లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన ఈ కుక్కర్ తైవాన్‌లో లేని ఇల్లు అరుదు. రూపం పెద్దగా మారలేదు. బయట ఒక గిన్నె, లోపల ఒక గిన్నె, ముందు ఒకే ఒక మీట. బయటి గిన్నెలో నీళ్లు పోసి మీట నొక్కితే, ఆ నీళ్లు ఇగిరిపోగానే మీట టక్కుమని పైకి లేస్తుంది. అన్నం, చారు, గుడ్లు, ఆవిరి మీద బన్నులు, అన్నీ అందులోనే. పైచదువులకి విదేశాలకి వెళ్లే పిల్లలకి తల్లులు దీన్ని సర్ది పంపుతారట. మనం అమెరికా వెళ్లే పిల్లల పెట్టెలో ప్రెషర్ కుక్కర్ పెట్టినట్టే.

ఆ పూట అందులో బియ్యం లేవు. లోపలి గిన్నెలో తెల్ల కాగితం, దాని మీద పలచగా టీ ఆకు. ఊలాంగ్. ఒక్కో ఆకునీ కాడతో సహా బిగించి చుట్టిన ముదురాకుపచ్చ ఉండలు, మిరియం గింజకంటే కాస్త పెద్దవి. బయటి గిన్నెలో చుక్క నీరు లేదు. మూత పూర్తిగా మూయకుండా అడ్డంగా ఒక చాప్‌స్టిక్ పెట్టింది. నీళ్లు లేవు కాబట్టి మీట కాసేపటికే లేచిపోతుంది. తర్వాత మిగిలేది వెచ్చదనమే. ఆమెకు కావలసిందీ అదే. ఉండుండి మూత ఎత్తేది. మూత లోపలి వైపున సన్నటి నీటి బొట్లు. అవి ఆకు మీద రాలకముందే గుడ్డతో తుడిచేసి, ఆకుని వేళ్లతో అటూ ఇటూ కదిపి, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ మూత వేసేది.

"మూత మీద బొట్లు పట్టినంతసేపూ ఆకులో చెమ్మ ఉన్నట్టేనటమ్మా. అది పోకుండా సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుందట" అని మా అమ్మాయి చెప్పింది.

అంత బిగించి చుట్టిన ఉండలో తేమ ఎక్కువగా దాక్కునేది కాడలో. అది బయటికి రావాలంటే సమయమివ్వాలి, సెగ కాదు. నేను కూర్చున్నంతసేపట్లో వాసన మూడు రకాలుగా మారింది. మొదట డబ్బాలో మూలబడ్డ ఆకుకి వచ్చే మగ్గిన వాసన. అది ఆవిరితో పాటు వెళ్లిపోయాక, ఎక్కడినుంచో పువ్వు వాసన తిరిగొచ్చింది. ఆ తర్వాతే మెట్ల మీద నన్ను ఆపిన కమ్మదనం మొదలైంది. అక్కడితో కుక్కర్ పని అయిపోయింది. ఆకుని ఒక పళ్లెంలోకి తీసి, రొట్టెలు కాల్చుకునే చిన్న ఓవెన్లో పెట్టింది. మీట నూరు డిగ్రీలు దాటి కాస్త ముందుకు. ఆ ఓవెన్లో ఆమె ఇంకేమీ వండదు. టీ ఆకు పక్కనున్న ప్రతి వాసననీ లాగేసుకుంటుంది. నిన్న చేప కాల్చిన ఓవెన్లో ఇవాళ టీ పెడితే చేప టీ తాగాల్సి వస్తుంది.

ఇంతకీ కొన్న టీని మళ్లీ కాల్చడం ఎందుకు? ఆమె చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది. కొడుకు ప్రతి చలికాలం ఖరీదైన ఎత్తుకొండల టీ కొనిస్తాడట. అలీషాన్, లీషాన్ లాంటి వెయ్యి మీటర్లు దాటిన కొండల మీద పండే, లేతాకుపచ్చ రంగులో దిగే, పూల వాసన టీ. ఈ రోజుల్లో అందరూ కోరేది అదే. ఆమె కడుపుకి మాత్రం పడదు. "పచ్చి టీ కడుపులో గీరుతుంది, చలవ చేస్తుంది" అంటుంది. పారెయ్యలేదు, కొడుకు మనసు కష్టపెట్టనూ లేదు. అందుకని తనకి చిన్నప్పటినుంచి అలవాటైన కాల్చిన టీగా దాన్ని మార్చుకుంటుంది. పోయిన ఏడు మిగిలిన డబ్బాని కూడా అలాగే బతికిస్తుంది.

కాల్చిన టీ ఒక గుక్క ఇస్తుందేమోనని చూశాను. ఇవ్వలేదు. దించిన వెంటనే తాగితే వేడి చేస్తుందట! మామిడిపండు వేడి, మజ్జిగ చలవ అని పెరిగినదాన్ని, నాకు దీనికి అనువాదం అవసరం లేకపోయింది. చల్లారాక పింగాణీ జాడీలో పోసి, కనీసం రెండు వారాలు ముట్టుకోకూడదు. లోపలి నిప్పు దిగాలి. మాకు పోసింది అంతకుముందు ఎప్పుడో కాల్చి దాచింది. రంగు తేనె. నాలుకకి వగరు లేదు. మింగాక గొంతులో తీపి నిలిచింది.

ఆ తర్వాత మేం తిరిగిన ఊళ్లన్నిటికీ ఈ వాసనే దారి చూపింది.

షిన్‌చుకి దగ్గర్లోనే బేయ్‌పు. హక్కా అనే చైనీసు వర్గం జనం ఎక్కువగా ఉండే పాత ఊరు. ఎర్ర ఇటుక ఇళ్లు, గుడి, గుడి ముందు ఇరుకు సందులో బారులు తీరిన కొట్లు. ఇక్కడ పేరుపడ్డ టీని పురుగు కొరకాలి. పచ్చదోమ జాతి చిన్న పురుగు వేసవిలో లేత ఆకుల రసం పీలిస్తే, ఆకు తనను కాపాడుకోవడానికి తయారుచేసుకునే సువాసనలే ఆ టీకి తేనె వాసన తెచ్చిపెడతాయి. మందు కొడితే పురుగు పోతుంది, పురుగుతో పాటు టీ ధరా పోతుంది. మన పత్తి రైతుకి ఈ మాట చెబితే నమ్మడు.

బేయ్‌పులో నన్ను కూర్చోబెట్టినది మాత్రం ఇంకో సంగతి. గాట్లు పెట్టిన పెద్ద మట్టి గిన్నె, జామకర్రతో చేసిన పొడవాటి రోకలి తెచ్చి మా ముందు పెట్టారు. టీ ఆకు, నువ్వులు, వేరుశనగపప్పు వేసి మనమే నూరుకోవాలి. నూనె తేలి ముద్ద అయ్యేదాకా వదలరు. నేను నూరే తీరు చూసి కొట్టు ఇల్లాలు బొటనవేలు ఎత్తి చూపించింది. పచ్చళ్లు నూరిన చెయ్యి కదా. ఆ ముద్దలో వేడినీళ్లు పోసి కలిపి, పైన మరమరాలు చల్లి ఇచ్చారు. చిక్కగా, కమ్మగా, కాస్త చేదుగా ఉంది. నిజం చెప్పాలంటే అది తాగడం కంటే తినడమే. టీ ఆకుని నూరుకు తినే జనం, దాన్ని ఇంట్లో కాల్చుకోవడంలో వింతేముంది? ఆకు వాళ్లకి వంటదినుసు. మనకి టీ అంటే డబ్బాలోంచి చెంచాతో తీసే పొడి. అది ఏ చెట్టు ఆకో, దాని అసలు రూపమేమిటో నా యాభై ఏళ్ల కాపురంలో నేనెప్పుడూ ఆలోచించలేదు. పాలూ పంచదారా అల్లం వేసి మరగబెట్టాక ఆలోచించడానికి ఏం మిగులుతుంది గనక.

దక్షిణంగా వెళితే నాంతో. తైవాన్‌లో సముద్రం తగలని జిల్లా అదొక్కటే. మైదానంలో వరి, ఆ పైన అరటి, పోక తోటలు. ఇంకా ఎక్కితే వెదురు అడవి మొదలవుతుంది. వెదురు మధ్యలోంచి కారు మలుపులు తిరుగుతుంటే గాలి చల్లబడింది, చెవులు దిబ్బడలేశాయి. లుగు అనే టీ ఊరు చేరేసరికి మధ్యాహ్నమే అయినా కొండల మీద మంచు దిగి ఉంది. ఆ మంచులో టీ వరసలు కనబడీ కనబడకుండా ఉన్నాయి. అది చలికాలపు కోత కాలం. తలకి పూలగుడ్డ చుట్టుకుని, వేళ్లకి చిన్న బ్లేడ్లు కట్టుకుని ఆడవాళ్లు వంగి కోస్తున్నారు. మమ్మల్ని చూసి ఒకామె ఏదో కేకేసింది. మిగతావాళ్లు పకపకా నవ్వారు. భోంచేశారా అనే అడిగిందట.

అక్కడి డాంగ్‌డింగ్ కొండ తైవాన్ ఊలాంగ్‌కి పుట్టినిల్లంటారు. 1855లో లిన్ ఫెంగ్‌చీ అనే ఆయన పరీక్ష రాయడానికి ఫూజియాన్ వెళ్లి నెగ్గి, వస్తూ వస్తూ వూయీ కొండల నుంచి 36 మొక్కలు తెచ్చాడనీ, వాటిలో పన్నెండు ఈ కొండ మీద నాటారనీ కథ. నిజమెంతో గానీ లుగులో ఎవరిని కదిపినా ఈ కథే చెబుతారు. అక్కడి రైతుల సంఘం 1970ల నుంచి టీ పోటీలు నడుపుతోంది. వేల నమూనాలు వస్తాయి. తూకం మూడు గ్రాములు, మరిగిన నీళ్లు 150 మిల్లీలీటర్లు, ఆరు నిమిషాలు. తెల్లటి పింగాణీ కప్పుల వరస ముందు న్యాయనిర్ణేతలు చెంచాతో జుర్రుకుంటూ నడుస్తారు. ఎంత మంచి ఆకైనా ఆ ఆరు నిమిషాల్లో దాని లోపం దాచుకోలేదు. ఇక్కడ గెలిచేది పచ్చి టీ కాదు, కాల్చిన టీ. కాబట్టి గెలుపులో సగం పొలానిదైతే సగం కాల్చినవాడిది.

అలా కాల్చే ఒక ఇంటికి వెళ్లాం. ఇప్పుడు ఎక్కువమంది బీరువా అంత కరెంటు ఓవెన్లు వాడుతున్నారు. ఆ పెద్దాయన మాత్రం కొన్ని బుట్టలు ఇంకా బొగ్గు మీదే చేస్తాడు. గచ్చు నేలలో వరసగా గుండ్రటి గుంటలు. లోంగన్ చెట్టు కర్రబొగ్గుని ముక్కలుగా కొట్టి, గుంటలో సందు లేకుండా కూరి, రాజేసి, పైన ఊక బూడిద కప్పుతాడు. మంట లేదు, పొగ లేదు, ఎరుపన్నది కంటికి కనబడదు. నివురుగప్పిన నిప్పు మీద నడుము సన్నంగా ఉన్న వెదురు బుట్ట, అందులో ఆకు. ఊక బూడిద కాస్త మందంగా కప్పితే సెగ తగ్గుతుంది, పలచన చేస్తే పెరుగుతుంది. ఆయనకున్న మీట అదొక్కటే. బుట్ట మీద అరచెయ్యి ఆనించి చూసుకుంటాడు. ఆకు తిప్పేటప్పుడు బుట్టని పక్కకి తీసి తిప్పుతాడు, ఒక్క పొడి రేణువు నిప్పులో పడి పొగ లేచినా ఆ పొగ బుట్టంతా పడుతుందని. రాత్రంతా కూర్చుంటాడు. పగలు కాస్త కునుకు.

"ఇంట్లో ఆడవాళ్లు కుక్కర్లో కాలుస్తారటగా?" అని అడిగించాను. వెక్కిరిస్తాడనుకున్నాను. తలూపాడు. చెమ్మ తీయడానికి అది మంచిదే, మా ఆవిడా చేస్తుంది అన్నాడు. కానీ కుక్కర్ ఆకుని ఆరబెడుతుంది తప్ప కాల్చదు, రెండూ వేరు పనులు. ఆ తర్వాత అన్న మాట ఇంకా గట్టిది. చెడ్డ టీని కాలిస్తే కాలిన చెడ్డ టీ వస్తుందట, అంతే. లోపం కప్పడానికి ఎక్కువ కాల్చేవాళ్లు ఉంటారనీ, అలాంటి టీ మొదటి గుక్కకి ఘుమఘుమలాడి మూడో గుక్కకి బొగ్గు రుచి తగులుతుందనీ చెప్పాడు. వినగానే మన ఊళ్లలో కొన్ని కాఫీ పొడులు గుర్తొచ్చాయి.

అక్కడ కూర్చోబెట్టే మర్యాద గురించి ఒక మాట. చిన్న కుండలో ఆకు వేసి పోస్తూనే ఉంటారు. కప్పు రెండు గుక్కలుంటుంది. ఖాళీ అయితే నింపుతారు. ఒకే ఆకుకి మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తారు, ప్రతి పోతకీ రుచి ఒక మెట్టు మారుతుంది. ఇంత పోశారు, కొనకపోతే ఏమనుకుంటారో అని నాకు మొహమాటం. వాళ్లకి ఆ ధ్యాసే ఉన్నట్టు కనబడలేదు. కొనమన్న మాట ఎవరి నోటా రాలేదు. మేమే అడిగి కొన్నాం. డబ్బులు తీసుకోవడం, పొట్లం ఇవ్వడం రెండూ రెండు చేతులతో. తినడానికి లేత వెదురు మొవ్వు ఉడికించి పెట్టారు, పక్కన ఉడకబెట్టిన చిలగడదుంప. మేం శాకాహారులమని తెలిసి ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ఆ దేశంలో బౌద్ధుల పుణ్యమా అని శాకాహారం కొత్త మాట కాదు.

తైపేలో చూడాల్సినవి చాలా ఉన్నాయి, నేను అన్నీ చూడలేదు. నది ఒడ్డున దాదావ్‌చెంగ్ అనే పాత వర్తకుల పేట ఉంది, అక్కడే నా కాళ్లు ఆగాయి. 1869లో జాన్ డాడ్ అనే స్కాట్లండు వర్తకుడు తైవాన్ ఊలాంగ్‌ని రెండు ఓడల్లో నేరుగా న్యూయార్క్ పంపింది ఇక్కడినుంచే. ఆ వ్యాపారం పెరిగాక వీధి వరండాల్లో ఆడవాళ్లు చేటలు ముందేసుకుని ఆకులోంచి కాడలు ఏరేవారట. వెనక గదుల్లో కుంపట్ల వరసలు. నెలల తరబడి ఓడ కడుపులో చెమ్మ పట్టకుండా ఉండాలంటే ఆకు బాగా కాలాలి. పేటలో ఒక పాత టీ కొట్టు ఆ కుంపట్ల గదిని ఇప్పటికీ అలాగే ఉంచింది. నిప్పు లేదు. గోడలకి మాత్రం వాసన ఉంది. ఓడల్లో దూరదేశాలకి పంపడానికి చేసిన పనిని, ఆయీ లాంటి వాళ్లు ఇంటి అలమరలో ఉన్న డబ్బా కోసం చేసుకుంటున్నారన్నమాట. అక్కడ చెమ్మ అంత ఉంది మరి. ఏడాది పొడుగునా బట్టలారని దేశం.

ఇంటికొచ్చాక అందరూ అడిగిన ప్రశ్న, "మన టీ పొడిని కూడా ఇలా కాల్చుకోవచ్చా?" అని. వద్దు. మనం మరగబెట్టే పొడి 1930లలో అస్సాంలో వచ్చిన యంత్రాల పద్ధతిది. ఆకుని చిదిమి, చింపి, గుండ్రంగా చుట్టి, పూర్తిగా పులియబెట్టి ఆరబెట్టింది. దానికి కావాల్సింది పాలు, సెగ కాదు. మూకుట్లో వేస్తే నిమిషంలో మాడుతుంది. ఇరానీ చాయ్‌ని దాని మానాన దాన్ని వదిలేయండి.

కాల్చవలసింది వేరే ఉంది. ఆరోగ్యం కోసమని కొని, రెండ్రోజులు తాగి, చేదని అటకెక్కించిన గ్రీన్ టీ డబ్బా మన ఇళ్లలో చాలాచోట్ల ఉంటుంది. జపాన్‌లో క్యోటో వర్తకులు 1920లలో ముదురాకునీ కాడల్నీ వేయించి అమ్మడం మొదలుపెట్టారు, హోజిచా అంటారు దాన్ని. అక్కడి ఇళ్లలో పాతబడ్డ గ్రీన్ టీని ఇప్పటికీ మట్టి పెనం మీద అలాగే వేయించుకుంటారు. ఇది ఊలాంగ్ అంత ఓపిక అడగదు. నూనె, పోపు వాసన లేని పొడి మూకుడు తీసుకోండి. సన్న సెగ మీద ఆకు పలచగా వేసి, చెయ్యి ఆపకుండా కదుపుతూ ఉండండి. ఆకుపచ్చ పోయి గోధుమరంగు తిరిగి, సన్నగా పొగ లేవబోతుండగా దించి, వెంటనే చల్లటి పళ్లెంలోకి మార్చండి. మూకుట్లోనే ఉంచితే ఆ వేడికే మాడిపోతుంది. కాలిస్తే కెఫీన్ అంతా పోతుందని కొందరు చెబుతారు, నమ్మి రాత్రి పదింటికి తాగకండి.

మంచి ఆకు టీ చెమ్మ పట్టి ఉంటే, డార్జిలింగ్ అయినా నీలగిరి అయినా, అది ఓవెన్ పని. ఎనభై, తొంభై డిగ్రీల దగ్గర తలుపు కాస్త ఓరగా ఉంచి ముందు తడి పోనివ్వండి. రుచి మారాలనుకుంటే ఆ తర్వాతే నూరు దాటండి. పావుగంటకోసారి కదపండి, ప్రతిసారీ వాసన చూడండి. మన రైస్ కుక్కర్లు కొన్నిట్లో మూత బిగిసిపోయి ఆవిరి బయటికి పోదు, వాటితో ఈ పని పెట్టుకోవద్దు. టీ బ్యాగుల్లో ఉండేది నలిగిన పొడి, దాన్నీ కాల్చకండి. మొదటిసారి రెండు చెంచాల ఆకుతో చేసి చూడండి, డబ్బా మొత్తం ఒంపకండి.